ప్రాజెక్టుకి వాటర్‌ఫాలా, స్క్రమ్మా, కాన్‌బానా: ఒక పూటలో తేల్చుకునే పద్ధతి

మేం అనంతపురంలో ఐదుగురం కలిసి పని చేసుకునే చిన్న టీమ్, చుట్టుపక్కల మండీలకి, షాపులకి, తాడిపత్రి సైడు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకి సాఫ్ట్‌వేర్ రాసిస్తా ఉంటాం. కొత్తగా చేరిన పిల్లోళ్లు, ఇక్కడ జేఎన్‌టీయూలో ఫైనలియర్ చదివేవాళ్లు, కర్నూలు కడపల్లో ఇదే పని పెట్టుకున్న ఫ్రెండ్సు అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఈ ప్రాజెక్టుకి అజైల్ పెట్టుకుందామా వాటర్‌ఫాల్ పెట్టుకుందామా" అని. వాటర్‌ఫాల్ అంటే అంతా ముందే రాసుకోని ఒక్కో దశ ముగించి వరుసగా పోవడం, అజైల్ అంటే కొద్దికొద్దిగా చేసి చూపించి సరిదిద్దుకుంటా పోవడం. దీనికి మామూలుగా దొరికే జవాబు ఒక టేబుల్, ఒక పక్క ఫ్లెక్సిబుల్ అని, ఇంకో పక్క రిజిడ్ అని ఉంటాది, అది చూస్తే ఎవరైనా అజైలే అంటారు. ఆ టేబుల్‌తో పని జరగదు. నేను ఎట్ల పోల్చి చూస్తానో చెప్తా, పేపరు పెన్ను తీసుకోని కూర్చుంటే ఒక పూటలో అయిపోతాది.

ముందు మాకు జరిగింది ఒకటి చెప్పాల, అది చెప్పకుంటే మిగతాది అర్థం కాదు.

కొన్నేళ్ల కింద ఒక చీనీ మండీకి సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నాం, చీనీ అంటే బత్తాయి, మా పక్క అట్లే అంటాం. ఓనరు దగ్గర నాలుగు రోజులు కూర్చోని అన్నీ అడిగి రాసుకున్నాం, నలభై పేజీల డాక్యుమెంటు అయింది, ఆయన ప్రతి పేజీ మీద సంతకం పెట్టినాడు, మేం ఆఫీసుకొచ్చి నాలుగు నెలలు తలెత్తకుండా కోడ్ రాసినాం. తీసుకపోయి చూపించిన రోజు గుమాస్తా ఒక లోడు ఎంటర్ చేసినాడు, లోడు బండి తూకం, ఖాళీ బండి తూకం, రేటు, కమీషను, హమాలీ, రైతుకి ముందే ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ పడినాయి, పట్టీ, అంటే రైతుకి ఇచ్చే లెక్క చీటీ, ప్రింటు కూడా వచ్చింది. ఆయన ఆ పట్టీని పైకీ కిందికీ రెండు మాట్లు చూసి, "సూట్ యాడప్పా?" అన్నాడు.

సూట్ అంటే తూకంలో టన్నుకి ఇంతని కాయ తీసేసి మిగతాదానికే డబ్బు కట్టడం. రైతులు వద్దు వద్దంటా ఉన్న లెక్క అది, వాళ్లు అడిగేది న్యాయమే అని నేనూ అనుకుంటా, కానీ ఆ మండీలో అది నడుస్తా ఉంది, అదీ ఒక్కో లోడుకి ఒక్కో తీరుగా. ఓనరు మాకు దాచిపెట్టి చెప్పకుండా ఉండలేదు, రోజూ చేసే లెక్క కాబట్టి అది విడిగా చెప్పాల్సిన సంగతి అని ఆయనకి తట్టనే లేదు. మేం నికర తూకం అని ఒకే కాలమ్ పెట్టి లెక్క నేరుగా అందులోనే వేసి సేవ్ చేసినాం, పదకొండు రిపోర్టులు దాని మీదే ఆధారపడినాయి, అన్నీ విప్పి మళ్లీ కట్టడానికి మూడు వారాలు పట్టింది. అదే రెండో వారంలో ఒక పచ్చి స్క్రీన్ తీసుకపోయి గుమాస్తా ముందు పెట్టింటే అర పూట పని.

అప్పటినుంచి ఏ మెథడ్ గురించి ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే: ఇందులో మనం తప్పు చేసినామని ఎన్ని రోజులకి తెలుస్తాది, తెలిసినాక దాన్ని సరిచేయడానికి ఎంత పడతాది? వాటర్‌ఫాల్, స్క్రమ్, కాన్‌బాన్, ఎక్స్‌పీ (ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్), ఒక్కోటి ఏందో కింద చెప్తా, ఇవన్నీ ఈ ఒక్క ప్రశ్నకి ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్లు చెప్పిన జవాబులు, అంతకుమించి వీటిని మతాల్లాగా చూడాల్సిన పని లేదు.

పోల్చడానికి కూర్చునే ముందు ప్రాజెక్టు గురించి కొన్ని రాసుకోండి. ఫీచర్ల లిస్టు తీసుకోని ఒక్కోదాని పక్కన "మారదు" "మారొచ్చు" అని రాయండి. మారనివి మనం అనుకునేదాని కంటే ఎక్కువే ఉంటాయి. జీఎస్టీ ఇన్వాయిస్ తీసుకుందాం, 2017 జూలై 1 నుంచి ఉంది, ఇన్వాయిస్ మీద ఏమేం ఉండాలో రూల్లో రాసిపెట్టినారు, ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరుస తప్పకూడదు. దీన్ని రెండు వారాలకోసారి కస్టమర్‌కి చూపించి "ఎట్లుంది సార్" అని అడిగే పని లేదు, రూలు చదివి డిజైన్ చేసి టెస్ట్ చేసి పెట్టేయడమే. రాళ్ల ఫ్యాక్టరీలో స్లాబుల కొలతని చదరపు అడుగుల్లోకి తిప్పే లెక్క ఫార్ములా వరకు మారదు, కానీ అంచు విరిగిన రాయికి ఎంత కోస్తారు అనేది మారుతుంది, ఏంటికంటే అది కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేది. రెండూ ఒకే స్క్రీన్‌లో ఉన్నా ఒకే రకం పనులు కావు.

తర్వాత, తప్పయితే ఎవరికి ఎంత నష్టం అనేది. పట్టీలో లెక్క తప్పితే ఒక రైతు డబ్బు పోతాది, అది రిపోర్టు హెడ్డింగు తప్పినట్టు కాదు. ప్రాణాల మీదికొచ్చే సాఫ్ట్‌వేర్, అంటే ఆసుపత్రి మెషిన్లలో, బండి బ్రేకుల్లో ఉండేది రాసేవాళ్లు వి మోడల్ అని వాడతారు, ఎడమ పక్క రిక్వైర్‌మెంటు, డిజైను అని దిగే ప్రతి మెట్టుకీ కుడి పక్క దాని టెస్టు ముందే రాసి ఉంటాది. మన మండీలకి షాపులకి అంత అక్కర్లేదు, కానీ డబ్బు లెక్క కట్టే ఫంక్షన్ల వరకు ఆ అలవాటు పెట్టుకుంటే చానా మేలు.

మూడోది అందరూ మర్చిపోయేది, అవతలి మనిషి టైమ్. స్క్రమ్ అంటే పనిని కొద్ది వారాల ముక్కలుగా చేసి ప్రతి ముక్కా చూపించుకుంటా పోవడం, ఒక్కో ముక్కని స్ప్రింట్ అంటారు. అది పెట్టుకోవాలంటే ప్రొడక్ట్ ఓనర్ అని ఒకరు ఉండాల, ఏది ముందు ఏది వెనక అని చెప్పాల్సింది ఆ ఒక్క మనిషే. సీజన్‌లో మండీ ఓనరు ఫోన్ ఎత్తడు, తెల్లారుజాము నుంచి లోడ్లు, వేలం, పేమెంట్లు, ఆయన్ని పట్టుకోని సార్ బ్యాక్‌లాగ్, అంటే చేయాల్సిన పనుల లిస్టు, చూద్దాం రండి అంటే ఎట్ల వస్తాడు. ఇట్లాంటి చోట నేను చేసేది గుమాస్తాని అడగడం, ఎట్లా ఆయనకే అన్నీ తెలుసు, కాకపోతే ముందే ఓనరు నోటితో అందరి ముందర "ఈయన సరే అంటే నేను సరే అన్నట్టే" అనిపించుకోవాల. ఆ మాట లేకుండా గుమాస్తాని పెట్టుకుంటే ఆయన దేనికీ అవును కాదు అనడు, ప్రతిదానికీ "సారుని అడిగి చెప్తా" అంటాడు, మనం రెండు వారాలు గుడ్డిగా పోతాం. పదిహేను రోజులకి ఒక్క గంట కూడా ఇచ్చే మనిషి అవతల దొరకలేదంటే స్క్రమ్ జోలికి పోవద్దండి, పేరుకి స్క్రమ్ అయితాది గానీ లోపల జరిగేది వాటర్‌ఫాలే, అదీ డాక్యుమెంటు లేని వాటర్‌ఫాల్.

ఇంక మన టీమ్ ఎంతమంది, ఒకే రూములో ఉంటామా, ఎవరికి ఎంత అనుభవం. స్క్రమ్ రూపొందించినోళ్లు రాసిన స్క్రమ్ గైడులో టీమ్ 10 మంది లేదా తక్కువ ఉంటాదని ఉంది కాబట్టి మన సైజుకి ఇబ్బంది లేదు. లేట్ అయితే ఇద్దర్ని ఎక్కువ పెట్టుకుందాంలే అనే ప్లాను మాత్రం ఏ మెథడ్‌లోనూ పని చెయ్యదు, ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1975లోనే రాసినాడు, కొత్తోళ్లకి నేర్పించే పని పాతోళ్ల మీదే పడతాది కదా.

ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం.

వాటర్‌ఫాల్‌ని తిట్టడం ఫ్యాషన్ అయింది గానీ దాని కథ వేరే. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజినీరు రాసిన పేపర్లో ఆ మెట్లు మెట్లుగా దిగే బొమ్మ ఉంది, ఆయన దానికి వాటర్‌ఫాల్ అని పేరు పెట్టలేదు, పైగా ఇట్ల ఒకే వరుసలో పోతే రిస్కు, ఫెయిలవడాన్ని మనమే పిలుచుకున్నట్టు అని అక్కడే చెప్పినాడు, కొత్త రకం సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఒకసారి చిన్నగా కట్టి చూసి ఆ తర్వాత అసలుది కట్టమన్నాడు, కస్టమర్ని మధ్యమధ్యలో కలుపుకోమన్నాడు. జనం బొమ్మ తీసుకున్నారు, మాటలు వదిలేసినారు. నా లెక్క ఏందంటే మారని పనికి వాటర్‌ఫాల్ మంచి మెథడే, ఖర్చు ముందే చెప్పొచ్చు, కొత్తోడొచ్చినా చదువుకోడానికి కాగితం ఉంటాది, గవర్నమెంటు టెండర్లలో మైల్‌స్టోన్ల ప్రకారం బిల్లు పెట్టాలంటే వేరే దారి కూడా ఉండదు. తప్పు తెలిసేది మాత్రం చివర్లోనే. ఇంటికి స్లాబ్ పోసినాక మెట్లు ఈ పక్క కాదు ఆ పక్క అన్నట్టు ఉంటాది అప్పుడు పరిస్థితి.

స్పైరల్ అనేది బ్యారీ బోయెమ్ అనే ఇంజినీరు 1980ల్లో చెప్పింది, చుట్టు తర్వాత చుట్టుగా, ప్రతి చుట్టులో రిస్కు చూసుకుంటా పోవడం, మొత్తంగా మన చిన్న పనులకి బరువే గానీ అందులోంచి ఒక్క అలవాటు తీసుకోవచ్చు, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే పని ఏదో దాన్ని మొదట చెయ్యడం. మండీలో మాకు భయం కాటాది. కాటా ఇండికేటర్ నుంచి తూకం సీరియల్ కేబుల్‌లో వస్తాది, ఆర్ఎస్ 232 అంటారు, బాడ్ రేటు, అంటే డేటా వచ్చే వేగం, ఒకటి తప్పు పెట్టినా కంప్యూటర్లో పిచ్చి అక్షరాలు వస్తాయి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాల. దీన్ని చివర్లో చూసుకుందాంలే అనుకుంటే చివర్లో ఏడవాల్సి వస్తాది. మొదటి వారంలోనే కాటా దగ్గర కూర్చోని ఒక లోడు తూకం స్క్రీన్ మీద పడే వరకు వేరే పని ముట్టుకోవద్దు.

అజైల్ అంటే ఒక మెథడ్ కాదు, 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చోని రాసిన నాలుగు విలువలు, వాటికి తోడు పన్నెండు సూత్రాలు. అంటే "మేం అజైల్ చేస్తాం" అంటే ఇంకా ఏమీ చెప్పనట్టే లెక్క, అజైల్‌లో ఏది అని అడగాల. స్క్రమ్ అంతకంటే ముందుది, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో బయట పెట్టినారు. స్ప్రింట్ ఒక నెలకి మించకూడదు, రోజూ 15 నిమిషాలు కలుసుకోవడం, చివర్లో చేసింది చూపించడం, ఆ తర్వాత మనలో మనం ఏం బాగలేదో మాట్లాడుకోవడం. దీంట్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ చూపించే రోజు, రివ్యూ. మేం స్ప్రింటు రెండు వారాలు పెట్టుకుంటాం, రివ్యూ మా ఆఫీసులో పెట్టం, మండీలో గుమాస్తా టేబుల్ మీదే, ఆయన కంప్యూటర్లోనే, మౌసు ఆయన చేతికే ఇస్తాం. మనం క్లిక్ చేసి చూపిస్తే అన్నీ బాగుండాయి అంటారు, ఆయనే నిన్నటి పట్టీల కట్ట ముందర పెట్టుకోని ఒక్కోటి ఎంటర్ చేస్తే అసలు సంగతులు బయటికొస్తాయి, ఒకే రైతు రెండు పేర్లతో లోడు పంపడం, సగం లోడు ఒక రేటు సగం ఇంకో రేటు, ఇట్లాంటివి ఏ డాక్యుమెంటులోనూ రావు.

స్క్రమ్‌లో లేనిది ఏందంటే కోడు ఎట్ల రాయాలనేది, దాని గురించి గైడు ఏమీ చెప్పదు. రెండు వారాలకోసారి కొత్తది కలుపుతా పోయి టెస్టులు లేకుంటే ఆరో స్ప్రింటుకి ఒకటి ముట్టుకుంటే ఇంకోటి ఊడుతుంది. ఆ లోటు తీర్చేది ఎక్స్‌పీ, కెంట్ బెక్ 1990ల్లో క్రైస్లర్ కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తా రూపం ఇచ్చింది, ముందు టెస్టు రాయడం, ఇద్దరు ఒకే సిస్టమ్ ముందు కూర్చోని రాయడం, రోజూ అందరి కోడు కలపడం. మొత్తం తీసుకోకున్నా డబ్బు లెక్కలకి టెస్టు ముందు రాయడం ఒక్కటి తీసుకోండి, సూట్ లెక్కకి మేం పాత పట్టీలు నలభై తీసుకోని వాటినే టెస్టులుగా పెట్టినాం, ఇప్పటికీ ఏదైనా మారిస్తే ఆ నలభై నడుస్తాయి.

కాన్‌బాన్ టొయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, సాఫ్ట్‌వేర్‌లోకి 2000 తర్వాత డేవిడ్ ఆండర్సన్ తెచ్చినాడు. స్ప్రింట్లు లేవు, బోర్డు మీద చీటీలు, ఒక్కో కాలమ్‌లో ఇన్నికి మించి ఉండకూడదు అని ఒక లిమిట్. చానామంది బోర్డు పెడతారు లిమిట్ పెట్టరు, అప్పుడది గోడకి అంటించిన పనుల లిస్టు అంతే. లిమిట్ ఏంటికంటే లెక్క చూడండి: చేతిలో 12 పనులు ఉండాయి, వారానికి 3 పూర్తవుతాయి అంటే ఒక్కో పనికి సగటున 4 వారాలు. అదే స్పీడులో చేతిలో 6 మాత్రమే పెట్టుకుంటే 2 వారాలు. మనుషులు పెరగలేదు, స్పీడు పెరగలేదు, అయినా ఫోన్ చేసిన షాపాయనకి సగం టైములో పని అయిపోతాది. దీన్ని లిటిల్స్ లా అంటారు, జాన్ లిటిల్ 1961లో నిరూపించినాడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చేసినాక వచ్చే కంప్లెయింట్లు, చిన్న చిన్న మార్పులు, రేపేం వస్తాదో తెలీని పనులు, వీటికి కాన్‌బాన్‌ని మించింది నేను చూళ్లేదు. ఒక జాగ్రత్త, ఇందులో చూపించే రోజు దానంతట అది ఉండదు, మనమే పెట్టుకోవాల.

సరే, ఇవన్నీ తెలిసినాయి, పోల్చడం ఎట్ల? పేపర్ మీద పైన అడ్డంగా మెథడ్ల పేర్లు రాయండి. నిలువుగా గుణాలు రాయొద్దు, మీ ప్రాజెక్టులో జరగడానికి అవకాశమున్న నాలుగైదు ఇబ్బందులు రాయండి. గళ్లలో పదికి ఏడు, పదికి ఎనిమిది అని మార్కులు వెయ్యొద్దు, మార్కులు మనకి ఇష్టమైనదానికే పడతాయి. రోజులు రాయండి, ఆ ఇబ్బంది ఎన్ని రోజులకి మన కంటికి కనపడుతుంది అని.

మండీ పని రెండోసారి ఇంకొకరికి చేసినప్పుడు మేం రాసింది ఇట్ల ఉంది. మొదటి వరస "ఎవరూ చెప్పని లెక్క ఒకటి ఉంది": వాటర్‌ఫాల్ కింద 120 రోజులు, స్క్రమ్ కింద 14, కాన్‌బాన్ కింద వారం వారం చూపిస్తే 7, చూపించకుంటే లెక్క లేదు. రెండో వరస "సీజన్, మూడు వారాలు ఎవరూ దొరకరు": ఇక్కడ సంతకం అయిపోయిన డాక్యుమెంటు ఉన్న వాటర్‌ఫాల్‌కి ఏమీ కాదు, స్క్రమ్‌లో ఒకటిన్నర స్ప్రింటు ఊహ మీద పోతాది, కాన్‌బాన్‌లో ఆ చీటీలు ఆగి మిగతావి కదులుతాయి. మూడో వరస "కాటా డేటా రాలేదు": ఏ మెథడ్ అయినా దాన్ని మొదట పెట్టుకుంటే 5 రోజులు, చివర పెట్టుకుంటే 100 పైనే, అంటే ఇది మెథడ్ సంగతి కాదు, వరస సంగతి. నాలుగోది "ఒక డెవలపర్ బెంగళూరులో జాబ్ వచ్చి మానేసినాడు", అనంతపురంలో టీమ్ పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఈ వరస రాయాల్సిందే: డాక్యుమెంటు ఉంటే కొంత నయం, ఇద్దరిద్దరుగా కోడు రాసే అలవాటుంటే ఇంకా నయం, రెండూ లేకుంటే ఆయన రాసిన మాడ్యూల్‌లో మొదటి కంప్లెయింట్ వచ్చిన రోజు తెలుస్తాది.

టేబుల్ నిండినాక చూస్తే ఏ ఒక్క మెథడ్ అన్ని వరసల్లో గెలవదు. అది మామూలే. అందుకే మేం పనిని ముక్కలు చేసినాం: కాటా కనెక్షను, కమీషను హమాలీ లెక్కలు ముందే రాసి డిజైన్ చేసి టెస్టులతో కట్టినాం, అది వాటర్‌ఫాలే, సిగ్గు పడాల్సిందేం లేదు. స్క్రీన్లు, పట్టీ, రిపోర్టులు రెండు వారాల స్ప్రింట్లు, అదీ సీజన్ మొదలు కాకముందే మూడు రివ్యూలు అయిపోయేటట్టు డేట్లు వేసుకున్నాం. ఇచ్చేసినాక కాన్‌బాన్. ఒకే ప్రాజెక్టులో మూడు ఉండొచ్చా అంటే ఉండొచ్చు, ఏ ముక్కకి ఏది అనేది టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసుంటే చాలు.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోండి. మా దగ్గర కస్టమర్లు గుత్తకే ఇస్తారు, మొత్తం ఇంత అని. గుత్త ధర, కానీ రెండు వారాలకోసారి కొత్త కోరిక, ఈ రెండూ కలిస్తే మునిగేది మనమే. దానికి మేం వాడేది మాస్కో అనే పద్ధతి, ఫీచర్లని నాలుగు కుప్పలు చెయ్యడం, తప్పకుండా కావాల్సినవి, ఉండాల్సినవి, ఉంటే బాగుండేవి, ఈసారికి వద్దు. ఆ పద్ధతిని వాడే డీఎస్‌డీఎం అనే అజైల్ మెథడ్‌లో తప్పకుండా కావాల్సినవి మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని చెప్తారు, మిగతా 40 ఊపిరాడ్డానికి. టైము, డబ్బు ఫిక్స్, మొదటి కుప్ప గ్యారంటీ, కొత్తది ఒకటి లోపలికి వస్తే అంతే బరువున్నది ఒకటి కింది కుప్పలోకి పోతాది. దీన్ని అగ్రిమెంటులో రెండు లైన్లలో తెలుగులోనే రాసి ఓనరుకి చదివి వినిపించండి. ఇంగ్లీషులో రాస్తే సంతకం పెడతారు గానీ తర్వాత "నాకట్ల చెప్పలేదే" అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఎంచుకున్నాక నెల రోజులు చూడండి, రెండు రివ్యూలు అయ్యేవరకు. రాసుకోవాల్సింది ఒకటే, బయటపడ్డ ప్రతి తప్పుకీ అది మనం చేసిన రోజు, తెలిసిన రోజు. ఆ మధ్య గ్యాపు మీరు టేబుల్‌లో రాసిన రోజులకి దగ్గర్లో ఉంటే మెథడ్ పని చేస్తా ఉన్నట్టు. మీరు 14 అని రాసుకున్న చోట 30 వస్తా ఉందంటే మెథడ్ మార్చేయకముందు రివ్యూలో మౌసు ఎవరి చేతిలో ఉందో చూడండి, మాకు రెండు సార్లు అదే కారణం, మా పిల్లోడు మొహమాటానికి తానే చకచకా క్లిక్ చేసి చూపించేసి వచ్చేవాడు. మూడోసారి నేను వెనక కూర్చోని, గుమాస్తా చేతికి మౌసు ఇప్పించి, పట్టీల కట్ట ముందర పెట్టించినా. పదో పట్టీ దగ్గర ఆయన ఆగి, "సూట్ ఎంత కోసినామో రైతు పట్టీలో కూడా పడాల, వాళ్లు అడుగుతా ఉండారు" అన్నాడు. అది ఆ రోజు సాయంత్రానికే చేసేసినాం, ఏంటికంటే ఈసారి సూట్‌కి సొంత కాలమ్ ఉంది.